మసలాతో పాటు వైద్యమూ అడగండి



ఎండలు ముదిరాయంటే రాష్ట్రమంతటా వినిపించే పేరు మన రెంటచింతల. ఆ ఎండలో మిరప కల్లాల్లోనూ, వంటింటి పొయ్యి దగ్గరా పగలంతా చెమటతో తడిసే స్త్రీలు మన పల్నాడులో ఎందరో. ఆ కాలంలోనూ, దాని వెనుకనే వచ్చే వానల్లోనూ మదర్సాకు అందే మసలా చీటీలలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. చీటీపై పేరుండదు. "తెల్లబట్ట అవుతోంది, దురదగా ఉంది. వుజూ నిలుస్తుందా? నమాజ్ నెరవేరుతుందా?" అని మాత్రమే ఉంటుంది.

ఈ ప్రశ్నకు ఫిఖ్హ్ గ్రంథాలలో జవాబు ఉంది. వుజూ చేసి నమాజ్ చదువుకొనేంత వ్యవధి కూడా దొరక్కుండా ఒక నమాజ్ వేళ మొత్తం స్రావం సాగితే, హనఫీ ధర్మశాస్త్రం ఆమెను 'మాజూర్'గా పరిగణిస్తుంది. ఆమె ప్రతి నమాజ్ వేళకు ఒకసారి వుజూ చేసుకుంటే చాలు. ఇది ధర్మం ఇచ్చిన వెసులుబాటు. అయితే ఆ వెసులుబాటు ఆమె నమాజ్‌ను కాపాడుతుందే గాని ఆమె వ్యాధిని నయం చేయదు. ఆ చీటీలో ఒక మసలా ఉంది, ఒక రోగమూ ఉంది. మసలాకు జవాబు అందగానే రోగం సంగతి మరుగున పడిపోతోంది. ఏళ్ల తరబడి దురదను, మంటను ఓర్చుకుంటూ, 'నమాజ్ చెల్లుతోంది కదా' అని సరిపెట్టుకునే తల్లులు, చెల్లెళ్లు మనలో ఉన్నారు. ఈ నెల వారి కోసమే ఈ శీర్షిక.

ఏమిటీ క్యాండిడా?

దురదతో కూడిన తెల్లబట్టకు తరచుగా కారణమయ్యేది క్యాండిడా అనే ఈస్ట్. ఈస్ట్ మనకు కొత్తది కాదు. రొట్టెల పిండిని పొంగించే ఖమీరు కూడా ఈస్టే. క్యాండిడా దానికి దూరపు బంధువు. రెండూ శిలీంధ్రాలే, అంటే బూజు జాతికి చెందినవే. దీని కణం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. సుమారు రెండు వందల కణాలను వరుసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు అవుతుంది. కణం పక్కన మొగ్గ తొడుగుతుంది, ఆ మొగ్గ విడివడి మరో కణమవుతుంది. 1839లో లాంగెన్‌బెక్ అనే జర్మన్ వైద్యుడు ఒక టైఫాయిడ్ రోగిలోని తెల్లపూతలో ఈ బూజును గుర్తించాడు. నేటి పేరును 1923లో క్రిస్టీన్ బెర్ఖౌట్ అనే డచ్ శాస్త్రజ్ఞురాలు పెట్టారు. లాటిన్ భాషలో ఆ మాటకు తెల్లనిది అని అర్థం. ఇందులో చాలా జాతులున్నాయి. మనుషులలో ఎక్కువగా కనిపించేది క్యాండిడా ఆల్బికన్స్.

పాఠకులు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది. ఇది సాధారణంగా బయటి నుండి వచ్చి దాడి చేసే శత్రువు కాదు. ఆరోగ్యవంతులలో దాదాపు సగం మంది నోటిలోనో, పేగులలోనో ఇది ఎప్పుడూ ఉంటుంది. చాలామందికి పుట్టేటప్పుడో, పసితనంలోనో తల్లి నుండి సంక్రమిస్తుంది. ఏ బాధా లేని స్త్రీలలో కూడా నూటికి పది నుండి ఇరవై మందిలో మర్మావయవంలో ఇది కనిపిస్తుంది. కనుక ఉండడం వేరు, వ్యాధి కలిగించడం వేరు. హద్దులో ఉన్నంత కాలం దానివల్ల మనకు హాని లేదు.

దీని నుండి మరో మాట కూడా తేలుతుంది. దీనిని వైద్యులు సుఖవ్యాధుల కోవలో లెక్కించరు. పెళ్లికాని ఆడపిల్లకూ రావచ్చు, పండు ముసలికీ రావచ్చు. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా ఈ బాధ కలుగుతుందని వైద్యుల అంచనా. భార్యకు ఈ వ్యాధి వచ్చిందని ఆమె శీలాన్ని శంకించడం, కోడలి గురించి ఇంట్లో గుసగుసలాడుకోవడం ఘోరమైన అన్యాయం. నింద వేసే నోటికి అడ్డుకట్ట వేయమని ధర్మం మనకు మొదటే నేర్పింది.

హద్దు ఎలా నిలుస్తుంది, ఎలా చెదురుతుంది?

సృష్టికర్త ఈ శరీరంలో దీనికి మూడు కాపలాలు పెట్టాడు. మొదటిది చర్మం, లోపలి సున్నితమైన పొర. అవి చెక్కుచెదరకుండా ఉన్నంత వరకు ఈస్ట్ లోనికి చొరబడలేదు. రెండవది మనలో నివసించే మేలు చేసే బ్యాక్టీరియా. స్త్రీల మర్మావయవంలో ఉండే లాక్టోబాసిల్లస్ అనే సూక్ష్మజీవులు ల్యాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేస్తూ, చోటును, ఆహారాన్ని తామే ఆక్రమించి ఇతర క్రిములను పెరగనివ్వవు. పెరుగును తోడుపెట్టేది కూడా ఆ కుటుంబానికి చెందిన సూక్ష్మజీవులే. మూడవది రక్తంలోని తెల్లకణాలు. హద్దు మీరిన ఈస్ట్‌ను అవి పట్టి చంపుతాయి.

ఈ కాపలా సడలినప్పుడు ఈస్ట్ మొదట శరీరపు పొరకు గట్టిగా అతుక్కుంటుంది. తరువాత రూపం మారుస్తుంది. గుండ్రంగా ఉన్న కణం పొడవుగా సాగి నూలుపోగు వలె తయారవుతుంది. ఆ పోగు కొన పొరలోనికి దిగుతుంది. అంతేగాక మాంసకృత్తులను కరిగించే రసాలను విడుదల చేస్తుంది. క్యాండిడాలైసిన్ అనే ఒక విషాన్ని ఈ పోగులే తయారుచేసి కణాలకు రంధ్రాలు పొడుస్తాయని 2016లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మంట, దురద, ఎరుపు కలిగేది ఈ గాయం వల్ల, దానిపై మన శరీరం చేసే పోరాటం వల్ల. కట్టుడు పళ్లు, ఆసుపత్రిలో అమర్చే గొట్టాలు వంటి వాటిపై ఇది జిగురు పొరగా పేరుకుంటుంది. ఆ పొర లోపలికి మందు సరిగా చేరదు.

హద్దును చెదరగొట్టే కారణాలు

అన్నింటికన్నా ముందు చెప్పవలసినది యాంటీబయాటిక్ మందుల విచ్చలవిడి వాడకం. ఈ కథలో ఒక తెలుగు బిడ్డ పేరు కూడా ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ ఆయన ఆధ్వర్యంలో పనిచేసిన బెంజమిన్ డుగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగు చూసింది. అనేక రకాల బ్యాక్టీరియాను ఒకేసారి చంపే ఆ మందు, ఆ కోవకు చెందిన ఇతర మందులు లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపాయి. అయితే కొద్ది కాలానికే వైద్యులు ఒక వింత గమనించారు. జబ్బు తగ్గిన రోగులలో కొందరికి నోటిలో తెల్లపూత, మర్మావయవాలలో దురద మొదలయ్యాయి. మందు చెడ్డ బ్యాక్టీరియాతో పాటు కాపలా కాసే మంచి బ్యాక్టీరియానూ చంపింది. ఈస్ట్ బ్యాక్టీరియా కాదు గనుక దానికి ఏమీ కాలేదు. ఖాళీ అయిన చోటంతా అది ఆక్రమించింది.

దీనికి విరుగుడు కనుగొన్నవారు ఇద్దరు మహిళలు. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో పనిచేసిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. ఒకరు ఒక నగరంలో, మరొకరు ఇంకో నగరంలో ఉండి, మట్టి నుండి తీసిన నమూనాలను టపాలో పంపుకుంటూ పరిశోధించి, 1950లో నిస్టాటిన్ అనే మందును ప్రకటించారు. మనుషులకు సురక్షితంగా వాడదగిన మొదటి బూజు మందులలో ఒకటి అది. దానిపై వచ్చిన కోటి ముప్పై లక్షల డాలర్లకు పైగా ఆదాయాన్ని వారు తమకు ఉంచుకోక విజ్ఞాన పరిశోధనలకే ధారపోశారు. సుబ్బారావు గారి గౌరవార్థం 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టడం కూడా ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

ఈ చరిత్రలో మనకు పాఠముంది. జలుబుకు, మామూలు జ్వరానికి మందుల దుకాణంలో మనమే అడిగి యాంటీబయాటిక్ మింగడం వల్ల జ్వరానికి మేలు జరగకపోగా కాపలా మాత్రం కూలుతుంది. వైద్యుడు అవసరమని రాసినప్పుడు మాత్రం సంకోచించకుండా పూర్తిగా వాడాలి.

రెండవ కారణం మధుమేహం. రక్తంలో చక్కెర పెరిగితే లాలాజలంలో, మూత్రంలో కూడా పెరుగుతుంది. అది ఈస్ట్‌కు విందు. పైగా తెల్లకణాల పోరాట శక్తి తగ్గుతుంది. మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. మళ్లీ మళ్లీ వచ్చే దురద, నోటి పూత ఎన్నో ఇళ్లలో మధుమేహానికి మొదటి కబురు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అవి మంచి మందులే. కాని వాటిని వాడేవారిలో ఈ బాధ ఎక్కువగా వస్తుంది. పురుషులకు కూడా వస్తుంది. ఖత్నా అయినవారిలో తక్కువే గాని అసలు రాదని చెప్పలేము. మాత్ర మానవద్దు, రాసిన వైద్యుడికి చెప్పండి.

మూడవది ఆరని తడి. చెమట, బిగుతైన నైలాన్ బట్టలు, పూర్తిగా ఆరకుండానే తొడిగే లోదుస్తులు. నాలుగవది గర్భం. హార్మోన్ల మార్పు వల్ల గర్భిణులలో ఇది సులువుగా వస్తుంది. ఐదవది స్టెరాయిడ్ మందులు. ఉబ్బసానికి ఇన్‌హేలర్ పీల్చేవారు ప్రతిసారీ నోటిని నీటితో బాగా పుక్కిలించి ఉమ్మివేయాలి. లేకుంటే గొంతులో తెల్లపూత ఏర్పడుతుంది. వుజూకు ముందు ఇన్‌హేలర్ వాడే అలవాటు చేసుకుంటే పుక్కిలించడం దానంతట అదే జరిగిపోతుంది. ఇవేవీ లేకుండా నోటి పూత మొండిగా ఉన్నా, మింగితే నొప్పి కలుగుతున్నా, వైద్యుడు హెచ్ఐవీ వంటి ఇతర పరీక్షలు రాయవచ్చు. దానికి నొచ్చుకోకూడదు.

ఎక్కడెక్కడ కనిపిస్తుంది?

పసిబిడ్డ నాలుకపై, బుగ్గల లోపల పెరుగు మీగడ అంటినట్లు కనిపిస్తుంది. పాల మరక మెత్తని బట్టతో తుడిస్తే పోతుంది, ఇది పోదు. గట్టిగా రుద్దితే రక్తం వస్తుంది. రుద్దవద్దు, వైద్యుడికి చూపండి. తల్లిపాలు ఆపనక్కరలేదు. తల్లి రొమ్ముకు కూడా మంట ఉంటే ఆ సంగతి చెప్పి ఇద్దరూ మందు వాడాలి.

కట్టుడు పళ్లు రాత్రి తీయకుండా నిద్రించే పెద్దలకు అంగిలి ఎర్రబడుతుంది. అంట్లు, బట్టలు తోముతూ చేతులు నానే స్త్రీలకు గోళ్ల చుట్టూ వాచి, గోరు రంగు మారుతుంది. స్థూలకాయులకు రొమ్ముల కింద, గజ్జలలో చర్మం ఒరుసుకుని ఎర్రబడుతుంది. కాలివేళ్ల సందులు తెల్లగా నాని చీలుతాయి. వుజూలో వేళ్ల సందులలో ఖిలాల్ చేయడం సున్నత్. ఆ తరువాత ఆ సందులను పొడి గుడ్డతో అద్దుకోవడం ఆరోగ్యానికి అవసరం, ముఖ్యంగా మధుమేహులకు.

అత్యంత ప్రమాదకరమైనది రక్తంలో చేరినప్పుడు. ఇది ఇంట్లో తిరిగేవారికి వచ్చేది కాదు. తీవ్ర అస్వస్థతతో ఐసీయూలో ఉన్నవారికి, క్యాన్సర్ మందులు వాడేవారికి, నెలలు నిండని శిశువులకు వస్తుంది. 2011, 2012 సంవత్సరాలలో మన దేశంలోని 27 ఐసీయూలలో జరిగిన అధ్యయనంలో 1,400 మందిలో ఈ స్థితి కనిపించింది. వారిలో నూటికి దాదాపు 45 మంది నెల రోజులలోనే మరణించారు. 2009లో జపాన్‌లో తొలిసారి గుర్తించిన క్యాండిడా ఆరిస్ అనే జాతి చాలా మందులకు లొంగదు. అది ఆసుపత్రులలో మంచాలపై, చేతులపై నిలిచి ఒకరి నుండి మరొకరికి పాకుతుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని, ఆల్బికన్స్‌ను అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల వరుసలో చేర్చింది. కనుక రోగిని పరామర్శించడానికి వెళ్లినప్పుడు లోపలికి వెళ్లే ముందు, వచ్చిన తరువాత చేతులు శుభ్రం చేసుకోండి. సిబ్బంది వద్దంటే గుంపుగా వెళ్లకండి. రోగికి కీడు కలగకుండా చూడడం కూడా పరామర్శలో భాగమే.

శుభ్రత పేరుతో జరిగే హాని

ఇక చీటీల సంగతికి వద్దాం. తెల్లబట్ట కనిపించగానే ఒళ్లు అపరిశుద్ధమైందన్న బెంగతో రోజుకు ఐదుసార్లు సబ్బుతో, డెట్టాల్‌తో కడుక్కునే స్త్రీలు ఉన్నారు. ఇది మేలు చేయదు. సబ్బు ఆ సున్నితమైన పొరను ఒరిపిస్తుంది, మేలు చేసే బ్యాక్టీరియాను తరిమివేస్తుంది. తహారత్‌కు శుభ్రమైన నీరు చాలు. సబ్బు షరతు కాదు. బయటి భాగాన్ని ముందు నుండి వెనుకకు కడుక్కుని, మెత్తని గుడ్డతో తడి అద్దుకోవాలి. లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకునేలా సృష్టించబడింది. అందులోకి నీళ్లు చిమ్మడం, వెల్లుల్లి రెబ్బ, పెరుగు వంటివి ఉంచడం చేయకూడదు.

ప్రతి తెల్లబట్టా రోగం కాదు. నెలలో కొన్ని రోజులు పల్చగా, వాసన లేకుండా స్రావం కావడం సహజం. దానివల్ల ఎముకలు కరిగిపోతాయన్న మాట నిజం కాదు. విరిగిన పాలలా గట్టిగా ఉండి, విపరీతమైన దురద, మూత్రం తగిలితే మంట ఉంటే క్యాండిడా కావచ్చు. చేపల వాసన, పసుపు లేక ఆకుపచ్చ రంగు ఉంటే వేరే వ్యాధి, దానికి మందు వేరు. జ్వరం, పొత్తికడుపు నొప్పి, ముట్లు ఆగిన తరువాత రక్తం కనిపించడం ఉంటే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు.

దుకాణంలో అడిగి తెచ్చుకునే 'దురద మందు' గొట్టాలలో చాలా వాటిలో బలమైన స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తరువాత బూజు రెట్టింపై వ్యాపిస్తుంది, చర్మం పల్చబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి 14 స్టెరాయిడ్ పూతమందులను వైద్యుడి చీటీ లేకుండా అమ్మరాదని ఆదేశించింది కూడా. సరైన మందు కష్టమైనది కాదు. క్లోట్రిమజోల్ పూత, లోపల ఉంచే బిళ్ల, లేదా వైద్యుడు రాస్తే ఫ్లూకోనజోల్ మాత్ర. గర్భిణులు ఈ మాత్రను సొంతంగా మింగరాదు. రమజాన్‌లో ఈ మందులను ఇఫ్తార్ తరువాత రాత్రివేళ వాడుకుంటే ఉపవాసం విషయంలో సందేహానికి తావుండదు. ఏడాదిలో మూడుసార్లు, అంతకు మించి తిరగబెడితే షుగర్ పరీక్ష తప్పనిసరి. ఎందుకంటే హద్దును చెదరగొట్టిన కారణం సరిచేయనిదే మందు ఎన్నిసార్లు వాడినా ఫలితం నిలవదు.

మరొక మాట. అలసట, మతిమరుపు, బరువు అన్నింటికీ క్యాండిడాయే కారణమని చెబుతూ ఖరీదైన పొడులు, పథ్యాలు అమ్మేవారు బయలుదేరారు. అందుకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. ఇడ్లీ, రొట్టె వంటి పులిసిన ఆహారం వల్ల ఈ వ్యాధి రాదు.

సిగ్గు, బాధ్యత

హయా విశ్వాసానికి అందం. అయితే తెలుసుకోవలసినది అడగడానికి హయా అడ్డు కాదని అన్సార్ స్త్రీల చరిత్ర మనకు నేర్పుతుంది. వారు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సన్నిధిలోనే తమ దేహ సంబంధమైన ప్రశ్నలు అడిగి తెలుసుకున్నారు. వైద్యురాలు దొరికితే ఆమెకే చూపించుకోవడం మేలు. దొరకనప్పుడు అవసరమైనంత మేరకు వైద్యుడికి చూపించుకోవడానికి ధర్మం అనుమతిస్తుంది.

నరసరావుపేట, మాచర్ల, గురజాలలో ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో షుగర్ పరీక్ష ఉచితం. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతుంది. దారి ఉంది, దూరం కూడా ఎక్కువ కాదు. ఆడవారికి అడ్డుపడేది చాలాసార్లు బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి, 'ఇంత చిన్నదానికా' అనే ఇంటివారి మాట. భర్తలారా, ఆమె ఆరోగ్యం మీ చేతిలో అమానత్. ఆమె నోరు తెరిచి చెప్పేవరకు వేచి ఉండకండి, మీరే అడగండి. అత్తగార్లారా, మీ కోడలితో ఒక పూట ఆసుపత్రికి మీరే తోడు వెళ్లండి. ఆడపిల్ల ఎదిగే వేళ గుస్ల్ మసలాలు నేర్పే తల్లులారా, ఏది సహజమైన స్రావమో, ఏది వైద్యుడికి చెప్పవలసినదో ఆ పాఠంలోనే నేర్పండి.

సోదరీమణులారా, మీ మసలాలు మదర్సాకు నిస్సంకోచంగా పంపండి, జవాబు అందుతుంది. అదే వారంలో ఆసుపత్రికి కూడా వెళ్లండి. వ్యాధిని దించినవాడే దానికి మందునూ దించాడన్నది మన విశ్వాసం. ఆ మందును వెతుక్కోవడం మన బాధ్యత. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.